ఈల రాని నాలుగు పళ్ళు

నేను ఒక నాలుగు పళ్ళ సెట్టుని. పై దవడలో ముందు వరసన కూర్చునేదాన్ని. అంగిలికి అంటుకునే పల్చటి గులాబీ రేకు, దాని అంచున నాలుగు తెల్లటి పళ్ళు, పక్క పళ్ళని పట్టుకోవడానికి అటొక తీగ కొక్కెం, ఇటొక తీగ కొక్కెం. అంతే నేను. తీసి కడుక్కుని మళ్ళీ పెట్టుకునే రకం. మనిషి నవ్వడానికే నన్ను చేస్తారని అందరూ అనుకుంటారు. గొడవంతా అక్కడే వచ్చింది.

ముందే చెప్పేస్తున్నాను, నాకు చిరాకెక్కువ. పుట్టుకతో వచ్చింది కాదు, మనుషులు తెప్పించింది. కైకలూరుకీ బెజవాడకీ మధ్య బస్సు పార్సిల్లో, చిన్న ప్లాస్టిక్ పెట్టెలో, తడి దూది మధ్య పడుకుని అన్నిసార్లు తిరిగితే మీకైనా వస్తుంది. పోనీ తిరిగినందుకు బాధ లేదు. ఆ చివర డాక్టరు ఏమనుకుంటోందో నాకు తెలుసు. ఈ చివర ల్యాబులో ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. నన్ను పెట్టుకునే మనిషికి అసలు ఏం కావాలో కూడా నాకు తెలుసు. వాళ్ళ ముగ్గురిలో ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. చెబుదామా అంటే, నేను నోట్లో ఉండేదాన్నే గానీ నోరున్నదాన్ని కాను.

ముందు నా మనిషి సంగతి చెప్తాను. ఇదంతా ఆయన నోట్లో ఉండగా ఆ మాటా ఈ మాటా వింటూ తెలుసుకున్నదే. ఆయన పేరు ముంగర పోతురాజు. కొల్లేటి పక్క ఊరు. బాతుల మంద మేపుతాడు. వరికోతలు అయిపోయాక పొలాల్లో రాలిన గింజలూ, నత్తలూ, పురుగులూ తినడానికి బాతుల్ని తోలుకెళ్తాడు. ఊరు మారితే ఆయనతో పాటు బాతులు, బాతులతో పాటు ఆయన భార్య నాంచారమ్మ, ఆమెతో పాటు ఒక పొయ్యి, రెండు గిన్నెలు, దడి కట్టే వల. ఆస్తి అంటే ఆ మందే. అది పోతే ఇంక చేతిలో మిగిలేది తోలే కర్ర.

బాతులు చెప్పిన మాట వింటాయని మీరనుకుంటే పొరపాటు. అవి పిలుపు వింటాయి, అంతే. ఒకే కాలవలోకి రెండు మందలు దిగాయంటే చిటికెలో కలిసిపోతాయి. ఏది ఎవరిదో దేవుడికి కూడా తెలియదు. అందుకే బాతులోళ్ళు వాళ్ళలో వాళ్ళు ఒక ఏర్పాటు పెట్టుకున్నారు. గట్టు మీద నిలబడి ఎవరి పిలుపు వాళ్ళు పిలవాలి. ఎవరి పిలుపుకి ఏ బాతు గట్టెక్కి వస్తే అది వాళ్ళది. రానిది వాళ్ళది కాదు. దాని మీద ఇక పంచాయితీ ఉండదు.

పోతురాజు పిలుపు ఈల. వేళ్ళు నోట్లో పెట్టుకుని వేసేది కాదు. ఆయనకి పై పళ్ళు రెంటి మధ్యా చిటికెన వేలి గోరు దూరేంత సందు ఉండేది. నాలుక కొన ఆ సందుకి ఆనించి ఊదితే సన్నగా మొదలై చివర్లో ఒక్కసారిగా పైకి లేచేది. ఆ ఈల మందలో ప్రతి బాతుకీ గుడ్డులోంచి బయటపడ్డ రోజు నుంచీ తెలుసు.

వినాయక చవితి వెళ్ళిన కొత్తలో ఎవరిదో చేపల చెరువు మీద ఆయిలింజను తిప్పబోతే హ్యాండిలు ఎదురు తిరిగి మూతి మీద కొట్టింది. ముందు పళ్ళు నాలుగూ పోయాయి, సందుతో సహా. రక్తం కారుతుంటే కూడా ఆయన చెరువు గట్టున కూర్చుని ఈల వేసి చూసుకున్నాడట. వట్టి గాలి వచ్చిందట. నాంచారమ్మ ఇప్పటికీ ఆ మాట చెప్పి తల కొట్టుకుంటుంది.

సరే, కైకలూరులో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టర్ హిమజ. చిన్నది, ఈ మధ్యనే క్లినిక్ పెట్టింది. చెయ్యి మంచిది, మనసూ మంచిదే. నొప్పి తెలియకుండా వేర్లు తీసింది, పుండు మానేదాకా మందులిచ్చింది. పోతురాజు పగిలిన పళ్ళ ముక్కల్ని ఏరుకొచ్చి కండువా కొంగున మూటగట్టుకుని తెచ్చాడు. విప్పి చూపించబోయాడు. "ఇవింక పనికిరావు బాబాయ్ గారూ, కొత్తవి కట్టిస్తాను," అంటూ ఆమె ఆ మూటని బుట్టలో వేయించేసింది. "మునుపు ఉన్నట్టే ఉండాలమ్మా," అన్నాడాయన. "అంతకంటే బాగుంటాయి," అందామె. నేనింకా పుట్టకముందే నా తలరాత ఆ మాటతో రాసేశారు.

అచ్చు తీసి, సుద్ద పోసి, ఆ దవడ బొమ్మని పెట్టెలో పెట్టి, పక్కన ఒక చీటీ పెట్టి బెజవాడ ల్యాబుకి పంపింది. చీటీలో ఏం రాసిందో తెలుసా? పై ముందు పళ్ళు నాలుగు. ఫలానా రంగు. ఎప్పట్లాగే. కింద సంతకం, డాక్టర్ హెచ్.కె. అంతే. ఎప్పట్లాగే అంటే ఎవరికి ఎప్పట్లాగే అన్నది మాత్రం రాయలేదు. ఆ మనిషి బాతులు కాస్తాడని గానీ, మునుపున్నట్టే కావాలన్నాడని గానీ ఒక్క ముక్క లేదు. నోరు అచ్చు పోసి పంపారు గానీ ఆ నోరు చెప్పిన మాట పంపలేదు.

ల్యాబు గవర్నరుపేటలో ఒక మేడ మీద ఉంది. అక్కడ జిలానీ గారని పాత చెయ్యి. నన్ను చేసింది ఆయనే. ఆ బల్ల మీద ఊళ్ళూళ్ళ నుంచి వచ్చిన సుద్ద దవడలు వరసగా ఉంటాయి. వాటికి బుగ్గలుండవు, మీసాలుండవు, మాటలుండవు. ఇన్నేళ్ళుగా అన్ని నోళ్ళకి పళ్ళు కట్టిన ఆ మనిషి ఒక్క నోటిని కూడా కళ్ళారా చూడలేదు. పేషెంటుని ల్యాబుకి పంపడం డాక్టర్లకి నామోషీ. పళ్ళు తమ క్లినిక్కులోనే మొలుస్తాయని పేషెంటు అనుకోవాలి మరి.

జిలానీ పోతురాజు దవడ బొమ్మ చేతిలోకి తీసుకుని చూసి, "నాలుగు పళ్ళకి చోటు ఎక్కువుందేంటి," అన్నాడు. పైకే అన్నాడు. నేను అప్పటికి కొద్దిపాటి మైనం ముద్దని, అయినా నాకు బాగా గుర్తు. ఆ మాట పట్టుకుని ఒక్క ఫోను చేసుంటే ఈ కథే లేదు. ఆయన చెయ్యలేదు. అడిగితే పని రానివాడనుకుంటారని ఆయన భయం. కైకలూరులో ఆమెకీ అదే భయం, ల్యాబుకి ఫోను చేసి ఎక్కువగా చెబితే కొత్త డాక్టరని తేలిగ్గా తీసుకుంటారని. ఒకరి గౌరవం ఒకరు కాపాడుకుంటూ మధ్యలో నా కొంప ముంచారు.

పైగా జిలానీకి ఒక పాత దెబ్బ ఉంది. ఎప్పుడో ఎవరికో పళ్ళ మధ్య కాస్త సందు ఉంచి పంపితే, ఇదేం పనితనం అని ఆ డాక్టరు తిప్పి కొట్టాడు. అప్పటి నుంచి ఆయన బల్ల మీద నుంచి సందున్న పళ్ళు దిగలేదు. ఎంత చోటున్నా సరే, పెద్ద పళ్ళు ఏరి, పక్కపక్కనే చేర్చి, దువ్వెన పళ్ళలా అమర్చేస్తాడు. నాకూ అవే వేశాడు. వెడల్పాటివి, ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో వెంట్రుక కూడా దూరదు. మెరుగు పెట్టి లైటు కింద తిప్పి చూసి ఎంత మురిసిపోయాడో. ఆ మురిపెం చూసి నేనూ బాగానే ఉన్నాననుకున్నాను.

గట్టి పదార్థంలోకి మార్చే ముందు మైనం మీద పళ్ళు గుచ్చి ఒకసారి నోట్లో పెట్టి చూడటం అలవాటు. తప్పు దొరికితే అప్పుడే దొరకాలి. పోతురాజు కుర్చీలో పడుకున్నాడు. డాక్టరు నన్ను పెట్టి అద్దం ఇచ్చింది. "పెళ్ళికొడుకులా ఉన్నావు మావా," అని నాంచారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పోతురాజు నాలుక కొన మెల్లగా వచ్చి నా వెనక తడుముకుంది. సందు కోసం. అటు తడిమింది, ఇటు తడిమింది. గోడకి తగిలిన గుడ్డివాడి చెయ్యిలా ఉంది నాకు.

అప్పుడు ఈల వేసి చూసుంటే సరిపోయేది. వెయ్యలేదు. ఎదురుగా నిలబడింది వయసులో ఉన్న ఆడపిల్ల, పైగా డాక్టరమ్మ. ఆడపిల్ల మొహం మీద ఈల వేసే మగాణ్ణి ఊళ్ళో ఏమంటారో ఆయనకి తెలుసు. కుర్రతనంలో ఒకసారి కాలవ అవతల ఉన్న బాతుల్ని పిలిస్తే, నీళ్ళకొచ్చిన పిల్ల తననే అనుకుని వాళ్ళన్నలతో చెప్పి నాలుగు తన్నించింది. ఆ దెబ్బల జ్ఞాపకం ఆయన నోరు నొక్కేసింది. "ఎలా ఉన్నాయి బాబాయ్ గారూ?" అని డాక్టరు అడిగితే, "బాగానే ఉన్నాయమ్మా," అన్నాడు. అదే చీటీ మీద ఎక్కింది. బాగున్నాయి, పూర్తి చేయండి. అయిపోయింది.

పూర్తయి వచ్చి ఆయన నోట్లో కుదురుకున్న రోజు సాయంత్రం గట్టు మీద నిలబడి ఆయన ఈల వేశాడు. ఫుస్. ఇంకోసారి. ఫుస్. బాతులు తలలెత్తి కూడా చూడలేదు. నాకు సిగ్గేసింది. ఇంత మెరుగు పెట్టిన పళ్ళు, ఇంత తీరుగా ఉన్న వరస, ఒక్క బాతుకి కూడా పనికిరాలేదు.

మర్నాడు క్లినిక్కి వెళ్ళి ఆయనన్న మాట వినండి. "గాలి సరిగ్గా రావట్లేదమ్మా." ఈల అనలేదు. ఈల అనే మాట ఆ అమ్మాయి ముందు నోట రాదు. గాలి అన్నాడు. డాక్టరుకి ఏం అర్థమవుతుంది? సెట్టు వదులుగా ఉంది, పక్క నుంచి గాలి పోతోంది అనుకుంది. చీటీ రాసింది, లూజుగా ఉంది, బిగించండి. నేను పెట్టెలో బెజవాడ వెళ్ళాను. జిలానీ చీటీ చదివి, "ఈ హెచ్.కె. అచ్చు సరిగ్గా తియ్యడు, మళ్ళీ మనల్నంటాడు," అని గొణిగి నా వెనక ఒక పొర పోశాడు. ఆయన లెక్కలో డాక్టర్ హెచ్.కె. అంటే కళ్ళద్దాల మీంచి చూసే ఒక మొండి ముసలాయన.

తిరిగొచ్చాను. ఈసారి ఎంత బిగిశానంటే ఆయన చిగుళ్ళు ఎర్రబడ్డాయి. ఈల మాత్రం రాలేదు. "ఇప్పుడు గాలి అసలే ఆడట్లేదమ్మా," అన్నాడు. ఓహో, అంగిలి దగ్గర మందమెక్కువైంది కాబోలు అనుకుంది ఆమె. చీటీ, మందం తగ్గించండి. మళ్ళీ పెట్టె, మళ్ళీ బస్సు. "నిన్న పొయ్యమన్నాడు, ఇవాళ గీకమంటున్నాడు, మతిపోయిందేమో," అని జిలానీ నన్ను గీకాడు. "చెప్పింది ఒక్కటీ సరిగ్గా చెయ్యదు ఆ ల్యాబు," అని ఇక్కడ ఈమె నన్ను లైటు కింద పెట్టి నిట్టూర్చింది. మధ్యలో నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అయ్యా, అమ్మా, మీరు బిగించాల్సిందీ గీకాల్సిందీ నన్ను కాదు, కాస్త నోరు విప్పి ఒకరినొకరు అడగండి అని అరవాలనిపించేది. నోరుంటే కదా.

బజార్లో ఈల కొనుక్కోవచ్చుగా అని మీకు అనిపించి ఉంటుంది. కొన్నాడు. ప్లాస్టిక్ ఈల. అది ఊదితే బాతులు బెదిరి కాలవ అవతలికి పరిగెత్తాయి. వాటిని వెనక్కి తోలడానికి నాంచారమ్మ మోకాలి లోతు బురదలో దిగాల్సి వచ్చింది. బయటికొచ్చి ఆ ఈలని కాలవలోకి విసిరికొట్టింది. "నీ పళ్ళ సోకు కాదు గానీ, కోతలు దగ్గరికొచ్చాయి మావా. మందలన్నీ దిగితే మన బతుకేంటి?" అంది. పోతురాజు నన్ను తీసి అరచేతిలో పెట్టుకుని అలా చూస్తూ కూర్చున్నాడు. నా వంక అలా ఎవరూ చూడలేదు. మెరుగు చూసినవాళ్ళూ, కొలత చూసినవాళ్ళే అంతా.

కోతలు అయిపోయాయి. ఎక్కడెక్కడి మందలూ కొల్లేటి వైపు దిగాయి. నెల్లూరు వైపు నుంచి చెంచయ్య అనే ఆయన పెద్ద మందని తోలుకొచ్చాడు. ఒక రోజు పొద్దున్నే రెండు మందలూ ఒకే బోదె కాలవలోకి జారాయి. పోతురాజు గట్టు మీద పరిగెత్తుతూ ఈల వేశాడు. ఫుస్. నన్ను లాగేసి వట్టి నోటితో వేశాడు. అదీ లేదు. చూస్తుండగానే ఆ నీళ్ళలో నీది నాది అనేది లేకుండా పోయింది.

చెంచయ్య దుర్మార్గుడు కాదు. ఆయన నాలుక టకటకలాడించి పిలిస్తే ఆయనవి కొన్ని గట్టెక్కాయి, మిగతావి ఈయన వాటితో తింటూ ఉండిపోయాయి. "తొందరేం లేదన్నా," అన్నాడు. "నాకు రేపు తెల్లారి లారీ వస్తది. పొద్దుగూకే లోపల నువ్వు పిలుచుకో. వచ్చినవి నీవి. రానివాటిని మాత్రం నేనెట్టా వదిలిపెట్టి పోతాను చెప్పు." అందులో అన్యాయం ఏమీ లేదు. అదే వాళ్ళ ఏర్పాటు. పోతురాజు గట్టు మీద కూలబడిపోయాడు.

నాంచారమ్మ కూలబడలేదు. నన్ను ఆయన చేతిలోంచి లాక్కుని కొంగున ముడేసుకుంది. "లే," అంది. ఇద్దరూ ఆటో ఎక్కి కైకలూరు క్లినిక్కి వచ్చారు. బయట ముగ్గురు నలుగురు కూర్చుని ఉన్నారు, ఆమె ఎవరినీ చూడలేదు, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. డాక్టరు ఎవరి పన్నో గీకుతోంది. పోతురాజు వెనకే వచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు, "గాలి సరిగ్గా..."

"గాలీ లేదు గుడిసేటి గాలీ లేదు," అంది నాంచారమ్మ. "ఈల అమ్మా. ఆయన ఈల వెయ్యాలి. పళ్ళ సందులోంచి ఈల వేస్తేనే మా బాతులొస్తాయి. నీ ముందు ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి చస్తన్నాడు ఈయన. పొద్దుగూకే లోపల ఈల రాకపోతే మా మంద పోయినట్టే."

డాక్టర్ హిమజ చేతిలో పరికరం కింద పెట్టింది. "సందు ఉండేదా?" అంది.

"పగిలిన పళ్ళు మూటగట్టి తెచ్చాడుగా. నువ్వే చూడకుండా బుట్టలో వేయించావు," అంది నాంచారమ్మ.

ఆమె మొహం చిన్నబోయింది. నాంచారమ్మ కొంగు ముడి విప్పి నన్ను బల్ల మీద పెట్టింది. డాక్టరు నన్ను ఒకసారి చేతిలోకి తీసుకుని, ఆ అతుక్కున్న రెండు ముందు పళ్ళని వేలితో రాసింది. తర్వాత, ఈ క్లినిక్ పెట్టాక మొదటిసారి, చీటీ పుస్తకం పక్కకి నెట్టి ఫోను తీసింది. చప్పుడు అందరికీ వినపడేలా పెట్టి బల్ల మీదుంచింది.

"ఎవరండీ?" అన్నాడు జిలానీ.

"కైకలూరు నుంచి. డాక్టర్ హెచ్.కె. ని."

అటు పక్క ఏదో గీకుతున్న చప్పుడు టక్కున ఆగిపోయింది. ఆ కళ్ళద్దాల ముసలాయన ఎలా మాయమైపోయాడో నాకు ఇక్కడి నుంచే తెలిసిపోయింది. "మీరు... మేడమ్ గారా?" అన్నాడు చివరికి.

"అవును. ఆ నాలుగు పళ్ళ సెట్టు గురించి. దవడలో చోటు ఎక్కువున్నట్టు మీకు అనిపించలేదా?"

"మొదటిరోజే అనిపించింది మేడమ్. అందుకే పెద్ద పళ్ళు వేశాను."

"అడగొచ్చుగా."

"మీరు చెప్పొచ్చుగా."

ఇన్నాళ్ళూ నేను అరవలేక చచ్చిన రెండు మాటలు, ఇద్దరూ కలిసి రెండు ముక్కల్లో అనేశారు. ఇంత తేలికా అనిపించి నాకు ఒళ్ళు మండిపోయింది. డాక్టరు బాతుల సంగతంతా చెప్పింది, మధ్యలో పోతురాజు తల వంచుకుని నేల చూస్తున్నాడు. జిలానీ విని, "పేషెంటుని పంపండి మేడమ్. నేను చూడకుండా ఇంక దాన్ని ముట్టుకోను," అన్నాడు. ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. పేషెంటు ల్యాబుకి వెళ్ళడమా. మళ్ళీ తనే, "ఇప్పుడే బస్సెక్కిస్తాను," అంది.

నేను మొదటిసారి పెట్టె లేకుండా బెజవాడ వెళ్ళాను, మనిషి నోట్లో కూర్చుని, కిటికీ పక్కన. గవర్నరుపేట మేడమెట్లు ఎక్కి లోపలికి వెళ్తే జిలానీ లేచి నిలబడ్డాడు. పోతురాజు మొహం వంక చూశాడు. ఎండకి నల్లబడ్డ బుగ్గలు, నెరిసిన మీసం, పై పెదవి మీద హ్యాండిలు దెబ్బ మచ్చ. "పళ్ళు ఇంత పెద్దవి వేశానా నేను ఈ మొహానికి," అనుకున్నాడు తనలో తను. తర్వాత కుర్చీ వేశాడు. "పెద్దాయనా, సందు ఎంతుండేది?"

పోతురాజు చిటికెన వేలి గోరు చూపించాడు. జిలానీ నన్ను తీసి బల్ల దగ్గర కూర్చుని పల్చటి చక్రం తిప్పాడు. రెండు ముందు పళ్ళ మధ్య అది దిగింది. నాకు నొప్పి ఉండదు లెండి, అయినా మెరుగంతా పొడి అయి రాలిపోతుంటే ఉసూరుమనిపించింది. నోట్లో పెట్టి, "వెయ్యి పెద్దాయనా," అన్నాడు. ఇక్కడ ఆడపిల్లలు లేరు. పోతురాజు వేశాడు. ఫుస్ కాదు, అలాగని ఈలా కాదు. "ఇంకాస్త. వెనక వైపు కూడా, నాలుక ఆనే చోట." తీశాడు, గీకాడు, పెట్టాడు. ఇంకాస్త. ఈసారి సన్నగా మొదలైంది గానీ పైకి లేవలేదు. నాంచారమ్మ గోడ గడియారం వంక చూసి లోపలే ఏదో మొక్కుకుంది. జిలానీ చెమట తుడుచుకుని కూర్చుని, పోతురాజు నాలుక ఎక్కడ ఆనుతోందో నోరు తెరిపించి చూశాడు. సందు అడుగున కాస్త వాలుగా గీకాడు.

అప్పుడు వచ్చింది. సన్నగా మొదలై, నడిమి దాకా సాగి, చివర్లో ఒక్కసారిగా పైకి లేచింది. కింద రోడ్డు మీద పోయేవాళ్ళు తలలెత్తి చూశారు. పోతురాజు నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాంచారమ్మ తిట్టబోయి ఆగిపోయింది.

బస్సు దిగి బోదె దగ్గరికి చేరేసరికి ఎండ పల్చబడింది. చెంచయ్య గట్టు మీద చుట్ట కాల్చుకుంటున్నాడు. నీళ్ళ నిండా బాతులు. పోతురాజు వంగి ఇన్ని కాలవ నీళ్ళతో నోరు పుక్కిలించాడు, నిలబడ్డాడు, వేశాడు.

ఏమీ కాలేదు. బాతులు తింటూనే ఉన్నాయి. ఎన్నాళ్ళయిందో ఆ చప్పుడు విని. చెంచయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు, ఆయనకే కష్టంగా ఉన్నట్టుంది. నాకు భయమేసింది. సందు తప్పేమో, వాలు తప్పేమో, మళ్ళీ ఆ పెట్టె, ఆ బస్సు, ఆ చీటీ, కానీ ఈసారి తిరిగొచ్చేసరికి మంద ఉండదు.

పోతురాజు ఇంకోసారి వేశాడు. ఈసారి ఆగకుండా, ఊపిరి ఉన్నంత సేపూ. బోదె మధ్యలో ఒక కుంటి పెట్టబాతు మెడ నిక్కించింది. తల ఇటు తిప్పింది. అది కదిలింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత మందంతా రెండుగా చీలిపోయింది, సగం అక్కడే తింటూ, సగం ఇటు మళ్ళి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, కేకలు పెట్టుకుంటూ గట్టెక్కి ఆయన కాళ్ళ చుట్టూ మూగాయి. నాంచారమ్మ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. చెంచయ్య చుట్ట ఆర్పి, "వచ్చినవన్నీ నీవేనన్నా," అని తన టకటక మొదలుపెట్టాడు. మిగతా సగం ఆయన వైపు వెళ్ళిపోయింది.

కొన్ని రోజులకి పోతురాజు డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, చిగుళ్ళు చూపించుకోవడానికి. చూసింది, బాగున్నాయంది. తర్వాత తలుపు దగ్గరికి వేసి, "బాబాయ్ గారూ, ఒక్కసారి వెయ్యండి. నేనేమీ అనుకోను," అంది. ఆయన తటపటాయించి, ఆమెకి వీపు పెట్టి, గోడ మీద క్యాలెండరు వైపు తిరిగి నిలబడ్డాడు. డాక్టరు జిలానీకి ఫోను చేసి అటు చాపింది. ఇప్పుడు వాళ్ళిద్దరూ ప్రతి పెట్టెకీ మాట్లాడుకుంటున్నారు లెండి, ఒక్కోసారి అవసరానికి మించి.

పోతురాజు ఈల వేశాడు. బయట కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడి లేచిన చప్పుడు వినిపించింది.

"విన్నారా జిలానీ గారూ?" అంది డాక్టరు.

"విన్నాను మేడమ్. చివర్లో కాస్త జీరగా ఉంది. సందు అంచు నున్నగా చెయ్యాలి. ఒకసారి పెట్టెలో పెట్టి పంపించండి, చూస్తాను."

పోతురాజు టక్కున నోరు మూసేశాడు. నన్ను నాలుకతో గట్టిగా అదిమి పట్టుకుని, నమస్కారం కూడా చేతులతోనే పెట్టి, డాక్టరమ్మ పిలుస్తున్నా వినపడనట్టు గబగబా రోడ్డెక్కేశాడు.